రాజకీయ విరాళం: పార్టీకా, అభ్యర్థికా, ట్రస్టుకా?

ఒక వ్యక్తి రాజకీయ పార్టీకి ఎంత విరాళం ఇవ్వవచ్చన్నదానికి మన దేశంలో గరిష్ఠ పరిమితి ఏదీ లేదు. వంద రూపాయలు ఇవ్వవచ్చు, వంద కోట్లూ ఇవ్వవచ్చు. ఎవరైనా స్వచ్ఛందంగా ఇచ్చే మొత్తాన్ని పార్టీ తీసుకోవచ్చని, ప్రభుత్వ కంపెనీల నుంచి, విదేశీ మూలాల నుంచి మాత్రం తీసుకోకూడదని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29బి సెక్షన్ చెబుతుంది. అలాగని ఇచ్చే దారులన్నీ ఒకటి కావు. పన్ను మినహాయింపు వస్తుందా, మీ పేరు బయటికి వస్తుందా, ఆ డబ్బు చివరికి ఎవరి చేతుల మీదుగా ఖర్చవుతుంది అన్నవన్నీ మీరు ఎంచుకున్న దారిని బట్టి మారిపోతాయి.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఒక పార్టీ విధానాలు నచ్చి ఏటా ఎంతో కొంత ఇవ్వాలనుకునేవారు బ్యాంకు ద్వారా నేరుగా పార్టీకే ఇవ్వండి. మీ నియోజకవర్గంలో నిలబడిన ఫలానా మనిషి గెలవాలన్నదే మీ కోరికైతే, పన్ను మినహాయింపు మీద ఆశ వదులుకుని అభ్యర్థి ఎన్నికల ఖాతాలో వేయండి. పన్ను తగ్గించుకోవడం కోసమే విరాళం ఇద్దామనుకుంటే మాత్రం మానుకోండి. ఎందుకో కింద లెక్క వేసి చూపిస్తాను.

ముందు, అసలు మీరు ఇవ్వవచ్చా?

ప్రభుత్వ ఉద్యోగులు ఇవ్వకూడదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించే 1964 నాటి ప్రవర్తనా నియమాల్లో ఐదో నియమం పార్టీ సభ్యత్వాన్నే కాదు, రాజకీయ కార్యకలాపాలకు చందా ఇవ్వడాన్నీ నిషేధిస్తుంది. మన రెండు రాష్ట్రాల ఉద్యోగుల నియమాలూ అదే బాటలో ఉన్నాయి. రోడ్డు మీద ఎవరో డబ్బా చాపితే పది రూపాయలు వేయడం ఎవరూ పట్టించుకోకపోవచ్చు. ఫోనులో యూపీఐ ద్వారా పంపిన ఐదు వందలు మాత్రం బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మీ పేరుతో చెక్కుచెదరకుండా ఉంటాయి. ప్రభుత్వ రంగ సంస్థల్లో, బ్యాంకుల్లో పనిచేసేవారు తమ సంస్థ ప్రవర్తనా నియమాలు చదువుకోవాలి.

రెండో మెలిక పాస్‌పోర్టు. విదేశాల్లో మన తెలుగువాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం పార్టీలు, అభ్యర్థులు, చట్టసభల సభ్యులు విదేశీ విరాళం తీసుకోకూడదు. ఇక్కడ చూసేది మీరు ఏ దేశంలో ఉంటున్నారని కాదు, ఏ దేశ పౌరులన్నదే. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే కార్డు) పెట్టుకున్న వ్యక్తి హైదరాబాద్‌లోనే కాపురం ఉంటున్నా ఆయన డబ్బు విదేశీ డబ్బే.

అమెరికా చట్టం మరో కోణం నుంచి చూస్తుంది. అక్కడ విదేశీయులు ఏ స్థాయి ఎన్నికలకూ విరాళం ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి మాత్రం ఈ నిషేధం లేదు. ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి డాలస్‌లోని ఒక ఇంటిని ఊహించుకోండి. హెచ్1బి మీద ఉన్న అన్నయ్య భారత పార్టీకి ఇవ్వవచ్చు, అమెరికా అభ్యర్థికి ఇవ్వకూడదు. భారత పాస్‌పోర్టు వదులుకోకుండా గ్రీన్‌కార్డు తెచ్చుకున్న వదిన రెండు చోట్లా ఇవ్వవచ్చు. అమెరికా పౌరుడైన తమ్ముడు అక్కడ మాత్రమే ఇవ్వాలి. వదిన పేరు మీద అన్నయ్య డబ్బు పంపితే అది అక్కడ మరొకరి పేరుతో ఇచ్చిన విరాళమై నేరంగా మారుతుంది.

అక్కడ మొత్తాలకూ పరిమితి ఉంది. 2025-26 ఎన్నికల కాలానికి ఫెడరల్ అభ్యర్థికి ఒక వ్యక్తి ఒక ఎన్నికకు ఇవ్వగలిగేది గరిష్ఠంగా 3,500 డాలర్లు. ప్రైమరీ, అసలు ఎన్నిక వేర్వేరు లెక్క కాబట్టి మొత్తం 7,000 వరకు వెళ్లవచ్చు. నగదైతే 100 డాలర్లు దాటకూడదు. పన్ను మినహాయింపు పైసా కూడా లేదు. బ్రిటన్‌లో ఉన్నవారిది వేరే కథ. కామన్‌వెల్త్ పౌరులుగా భారతీయులు అక్కడ ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసుకోవచ్చు. ఆ జాబితాలో పేరుంటే అక్కడి పార్టీలకు విరాళమూ ఇవ్వవచ్చు. లండన్‌లో చదువుకుంటున్న మన విద్యార్థికి ఉన్న వీలు న్యూజెర్సీలో హెచ్1బి మీద పదేళ్లు పన్ను కట్టినవారికి లేదు!

ప్రవాసులకు ఇంకొక జాగ్రత్త. ఎన్నికల వేళ విదేశాల్లోని సంఘాలు అందరి దగ్గరా డబ్బు పోగుచేసి ఒకే మొత్తంగా ఇక్కడికి పంపుదామంటాయి. ఆ పోగులో ఎవరు భారత పౌరులో, ఎవరు కారో విడదీయలేరు. పైగా అక్కడ నమోదైన సంఘమే విదేశీ మూలం. ఎవరి ఖాతా నుంచి వారు విడిగా పంపుకోవడమే క్షేమం. పార్టీ మీ పాస్‌పోర్టు వివరాలు అడిగితే విసుక్కోకండి, అడగకపోతేనే అనుమానించాలి.

నేరుగా పార్టీకి

చాలామందికి సరిపోయే దారి ఇదే. పార్టీ వెబ్‌సైటులో పేరు, చిరునామా, పాన్ వివరాలు నింపి యూపీఐ, కార్డు, నెట్ బ్యాంకింగ్ ద్వారా పంపితే రసీదు వస్తుంది. చెక్కు అయితే పార్టీ పేరు మీద రాయాలి. జిల్లా నాయకుడి పేరు మీద, ఆయన బావమరిది ఫోన్‌పే నంబరుకు కాదు.

నగదు ఇస్తానంటే రెండు వేల రూపాయల దగ్గర ఆగిపోవాలి. అంతకు మించి నగదు తీసుకుంటే పార్టీ తన ఆదాయపు పన్ను మినహాయింపునే పోగొట్టుకుంటుంది. 2017 వరకు లేని ఈ గీతను ఆ ఏటి ఫైనాన్స్ చట్టం తెచ్చింది. తెస్తే ఏమైంది, రసీదు పుస్తకంలో పేజీలు ఎక్కువ ఖర్చవుతున్నాయంతే అని అనేవారున్నారు, ఆ మాటలో నిజం లేకపోలేదు. కమ్యూనిస్టు పార్టీల హుండీ వసూళ్ల లాంటి చిన్న చందాలకు నగదు సహజమే. మీరు గుర్తింపు కోరుకునే విరాళానికి మాత్రం నగదు పనికిరాదు. నగదుకు పన్ను మినహాయింపు ఎలాగూ లేదు.

పేరు బయటపడే గీత వేరు. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక వ్యక్తి నుంచి రూ.20,000 మించి విరాళం వస్తే పార్టీ ఆ వివరాలను ఫారం 24ఏలో ఎన్నికల కమిషన్‌కు ఇవ్వాలి. కమిషన్ ఆ నివేదికలను తన వెబ్‌సైటులో పెడుతుంది. అంటే మీ పక్కింటాయనా, మీ ఊరి ఎదుటి పార్టీ నాయకుడూ మీరు ఎవరికి ఎంత ఇచ్చారో చదువుకోవచ్చు. ఉద్యోగికి దీంతో పెద్ద ఇబ్బంది లేకపోవచ్చు. ప్రభుత్వం మారితే బిల్లు ఆగిపోతుందేమోనని భయపడే చిన్న కాంట్రాక్టరుకు మాత్రం ఇది పెద్ద విషయమే. అలాంటివారు ఏడాది మొత్తం మీద ఇరవై వేలు దాటకుండా చూసుకోవచ్చు, చట్టం ఆ వీలు ఇచ్చింది. వేర్వేరు కుటుంబ సభ్యుల పేర్లతో ముక్కలు చేసి పంపడం మాత్రం ఆ వీలు కిందికి రాదు.

ఇక పన్ను. 80జీజీసీ సెక్షన్ కింద, నమోదైన పార్టీకి బ్యాంకు ద్వారా ఇచ్చిన మొత్తమంతా మీ ఆదాయం నుంచి తీసేసుకోవచ్చు. (2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలోకి 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. అందరి నోళ్లలో నానిన పేరు కాబట్టి ఇక్కడ 80జీజీసీ అనే వాడుతున్నాను.) మెలిక ఏమిటంటే ఈ మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే. కొత్త విధానంలో ఉన్నవారికి అది లేదు. మనం ప్రత్యేకంగా కోరుకోకపోతే ఇప్పుడు వర్తించేది కొత్త విధానమే.

పాత విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్న వ్యక్తి పది వేలు ఇస్తే సెస్సుతో కలిపి రూ.3,120 పన్ను తగ్గుతుంది. 20 శాతం శ్లాబులో అయితే రూ.2,080. మిగతాది మీ జేబులోంచి వెళ్లిన డబ్బే. రిటర్న్‌లో విరాళం ఇచ్చిన తేదీ, మొత్తం, లావాదేవీ నంబరు, బ్యాంకు ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ నింపాల్సి ఉంటుంది కాబట్టి రసీదుతో పాటు బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా పక్కన పెట్టుకోండి.

అభ్యర్థికి ఇస్తే

పార్టీకి ఇచ్చిన డబ్బు ఢిల్లీలో హోర్డింగుకు వెళ్తుందో, మరో జిల్లాలో సభకు వెళ్తుందో మీకు తెలియదు. పార్టీ ఎన్నికల ఖర్చుకు పరిమితి కూడా లేదు. అభ్యర్థి విషయంలో అలా కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో లోక్‌సభ అభ్యర్థి రూ.95 లక్షలు, అసెంబ్లీ అభ్యర్థి రూ.40 లక్షలు మించి ఖర్చు పెట్టకూడదు. ఇవి 2022 జనవరిలో పెంచిన అంకెలు. వాస్తవంలో ఎంత ఖర్చవుతుందో మన ఊళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు, అది వేరే సంగతి. కాగితం మీద ప్రతి రూపాయికీ లెక్క ఉండి తీరాలి. అందుకే స్వతంత్ర అభ్యర్థికో, డబ్బులేని చిన్న పార్టీ అభ్యర్థికో మీరిచ్చే ఐదు వేలకు పెద్ద పార్టీ ఖాతాలో పడే ఐదు వేల కంటే ఎక్కువ బలం ఉంటుంది.

ఇచ్చే విధానం ఇది. నామినేషన్ వేయడానికి కనీసం ఒక రోజు ముందు అభ్యర్థి ఎన్నికల ఖర్చు కోసం ప్రత్యేకంగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఆ ఖాతాను ఎన్నికల ఏజెంటుతో కలిసి తెరవవచ్చు, ఏజెంటు కాని కుటుంబ సభ్యులతో కలిసి తెరవకూడదు. తన సొంత డబ్బు ఖర్చు పెట్టుకోవాలన్నా ముందు ఆ ఖాతాలో వేసి అక్కడి నుంచే తీయాలి. మీరు అడగవలసింది ఆ ఖాతా నంబరు. అనుచరుడి వ్యక్తిగత నంబరు చెబితే చల్లగా తప్పుకోండి. ఒక వ్యక్తి నుంచి అభ్యర్థి నగదుగా తీసుకోగలిగేది రూ.10,000 వరకే. ఎన్నికల కోడ్ అమల్లో ఉండగా యాభై వేలు మించిన నగదుతో కారులో వెళ్తే తనిఖీ బృందాలకు ఆధారాలు చూపాల్సి వస్తుందనీ గుర్తుంచుకోండి.

మీ విరాళం ఎక్కడ నమోదవుతుందో చూద్దాం. అభ్యర్థికి ఎన్నికల అధికారులు ఇచ్చే ఖర్చుల పుస్తకంలో మూడు రంగుల కాగితాలుంటాయి. రోజువారీ ఖర్చుకు తెలుపు, నగదుకు గులాబీ, బ్యాంకు లావాదేవీలకు పసుపు. మీరు బదిలీ చేసిన డబ్బు పసుపు కాగితంలో పడుతుంది. ప్రచారం సాగుతుండగా కనీసం మూడుసార్లు అధికారులు ఈ పుస్తకాన్ని తనిఖీ చేస్తారు, అభ్యర్థి ఖర్చును గమనిస్తూ తాము విడిగా రాసుకున్న షాడో రిజిస్టర్‌తో పోల్చి చూస్తారు. ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు లెక్క దాఖలు చేయాలి, చేయకపోతే మూడేళ్ల వరకు అనర్హత వేటు పడవచ్చు. ఆ లెక్కలను రూపాయి రుసుము కట్టి ఎవరైనా పరిశీలించవచ్చని ఎన్నికల నిర్వహణ నియమాల్లోనే ఉంది. కాబట్టి ఇక్కడ గోప్యత ఆశించకండి. పన్ను మినహాయింపు కూడా లేదు, 80జీజీసీ పార్టీలకూ, దాతల డబ్బు పోగుచేసి పార్టీలకు పంచే ఎలక్టోరల్ ట్రస్టులకూ మాత్రమే వర్తిస్తుంది. సర్పంచి ఎన్నికలు మన రెండు రాష్ట్రాల్లోనూ పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి కాబట్టి సర్పంచి అభ్యర్థికి ఇచ్చే డబ్బుకూ మినహాయింపు ఉండదు.

డబ్బుకు బదులు వస్తువులో, సేవలో ఇద్దామనుకునేవారు ఎక్కువ. "అన్నా, మా ఫంక్షన్ హాలు వాడుకోండి", "రెండు కార్లు పంపిస్తాను", "సభకు భోజనాలు నావి." ఈ అభిమానమంతా అభ్యర్థి లెక్కలో ఖర్చుగా పడుతుంది. కుర్చీకి, షామియానాకు, టీకి, భోజనానికి, కారు అద్దెకు జిల్లా ఎన్నికల అధికారి ధరల పట్టిక ఖరారు చేస్తారు. మీరు ఉచితంగా ఇచ్చినా ఆ ధరకే లెక్క కడతారు. మీరు ఊహించనంత వేగంగా 40 లక్షల గీత దగ్గరపడుతుంది. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా ఆయన గెలుపు కోసం సభ పెట్టినా, పత్రికలో ప్రకటన వేయించినా భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్ కింద మీకే రూ.10,000 వరకు జరిమానా పడవచ్చు. సొంత డబ్బుతో ఫ్లెక్సీలు కట్టే అభిమానులు ఈ సెక్షన్ ఒకసారి చదువుకోవాలి. డబ్బు లేని, ఓపిక ఉన్న అభిమానికి మంచి దారి ఇంటింటి ప్రచారంలో తిరగడమే.

ట్రస్టు, బాండు

ఎలక్టోరల్ ట్రస్టులు 2013 పథకం కింద పనిచేస్తాయి. వచ్చిన డబ్బులో కనీసం 95 శాతాన్ని అదే ఆర్థిక సంవత్సరంలో నమోదైన పార్టీలకు పంచాలి, నగదు తీసుకోకూడదు, దాత దేశంలో నివసించేవారైతే పాన్, విదేశంలో ఉన్న భారత పౌరుడైతే పాస్‌పోర్టు నంబరు తీసుకోవాలి. మినహాయింపు పార్టీ విరాళంతో సమానమే. ఏ పార్టీకి ఎంత అన్నది మాత్రం ట్రస్టు చేతిలో ఉంటుంది. ఇది కంపెనీల కోసం వేసిన దారి. ఐదు వేలు, పది వేలు ఇచ్చే మనిషికి దీంతో ఒరిగేదేమీ లేదు.

ఎన్నికల బాండ్లు (బ్యాంకులో కొని, పేరు బయటపడకుండా పార్టీకి ఇచ్చే పత్రాలు) ఇక లేవు. 2018లో మొదలైన ఆ పథకాన్ని సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 ఫిబ్రవరి 15న రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. వెయ్యి రూపాయల బాండు కూడా ఉండేది కాబట్టి సామాన్యుడి కోసమే అని మొదట్లో ప్రచారం జరిగింది. తర్వాత బయటికొచ్చిన జాబితాలో పైన నిలిచినవి కంపెనీలే. రెండో స్థానంలో రూ.966 కోట్లతో మన హైదరాబాద్ సంస్థ మేఘా ఇంజినీరింగ్ ఉంది. ఇప్పుడు ఎవరైనా "బాండు ఇప్పిస్తాం" అంటే మోసమే.

వెనక్కి ఇచ్చే విరాళం

ఈ దారిని కావాలనే చివరికి ఉంచాను. ఎవరూ పేరు వినని ఒక పార్టీ ఖాతాకు మీరు లక్ష రూపాయలు పంపుతారు. కమీషన్‌గా ఐదు వేలో, ఎంతో కొంత ఉంచుకుని మిగతాది మధ్యవర్తి నగదుగా తెచ్చి ఇస్తాడు. రసీదు అసలుదే, పార్టీ కూడా కాగితం మీద ఉన్నదే. పాత విధానంలో 30 శాతం శ్లాబు ఉద్యోగికి రూ.31,200 పన్ను తగ్గుతుంది. కమీషన్ ఐదు వేలు పోగా ఇరవై ఆరు వేల పైచిలుకు లాభం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆఫీసు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే "లీగల్ ట్యాక్స్ సేవింగ్" ఇదే.

పట్టుబడితే లెక్క తిరగబడుతుంది. తప్పుడు వివరాలతో ఆదాయం తగ్గించి చూపినందుకు, ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం జరిమానా వేయవచ్చు. పన్ను 31,200, జరిమానా 62,400, మొత్తం రూ.93,600. దాని మీద వడ్డీ. మధ్యవర్తి మీద కేసు నడిస్తే అతని ఫోనులో ఉన్న జాబితా మీ ఇంటి దాకా వస్తుంది. 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది ఇలాంటి బోగస్ మినహాయింపుల కోసమే, వాటిలో 80జీజీసీ కూడా ఉంది. అదే ఏడాది ఎన్నికల కమిషన్ ఆగస్టులో 334, సెప్టెంబరులో 474 పార్టీలను, నమోదై ఉన్నా గుర్తింపు లేనివాటిని, జాబితా నుంచి తీసేసింది. ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలోనూ పోటీ చేయకపోవడమే అందుకు ప్రధాన కారణం. ఇప్పటికే ఇలాంటి మినహాయింపు వాడుకున్నవారు నోటీసు కోసం ఎదురుచూడకుండా అప్‌డేటెడ్ రిటర్న్ (పాత రిటర్న్‌ను సరిచేసి మళ్లీ వేసేది) వేసి పన్ను కట్టేయడం మేలు. ఆ గడువును 2025లో నాలుగేళ్లకు పెంచారు, ఆలస్యమయ్యేకొద్దీ అదనపు పన్ను పెరుగుతుంది.

చిన్న పార్టీలన్నీ ఇలాంటివని నేను అనడం లేదు. నిజంగా పనిచేసే చిన్న పార్టీకి ఇవ్వాలనుకుంటే కమిషన్ వెబ్‌సైటులో మూడు సంగతులు చూడండి: పేరు నమోదిత జాబితాలో ఇంకా ఉందా, విరాళాల నివేదిక, ఆడిట్ నివేదిక ఇస్తోందా, ఈ మధ్య ఎక్కడైనా పోటీ చేసిందా. మూడింటికీ ఔననే జవాబు వస్తే ధైర్యంగా ఇవ్వవచ్చు.

వ్యాపారం ఉన్నవారికి

దుకాణమో, ఏజెన్సీయో సొంత పేరు మీద నడుపుతున్నవారు వ్యక్తుల కిందే లెక్క, పైన చెప్పినవన్నీ వారికీ వర్తిస్తాయి. భాగస్వామ్య సంస్థ కూడా 80జీజీసీ వాడుకోవచ్చు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంటే దారి వేరు. కంపెనీ పుట్టి మూడేళ్లు నిండాలి, బోర్డు తీర్మానం ఉండాలి, నగదు కుదరదు, సుప్రీంకోర్టు తీర్పు తర్వాత గత మూడేళ్ల సగటు నికర లాభంలో ఏడున్నర శాతం అనే పాత పరిమితి మళ్లీ అమల్లోకి వచ్చింది. నష్టాల్లో ఉన్న కంపెనీ పేరు మీద ఇవ్వడానికి ఇప్పుడు దారి లేదు. యాభై వేల లోపు ఇచ్చే చిన్న యజమానికి ఈ తతంగమంతా ఎందుకు? జీతంగా తీసుకున్న డబ్బులోంచి, తన సొంత ఖాతా నుంచి ఇచ్చుకుంటే ఆడిటరు కూడా సంతోషిస్తాడు.